కావలియు, కట్టడియు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాకు నిర్ణయించిన విషయము "ఉగ్రవాదము, దేశరక్షణ, పౌరస్వేచ్ఛ" అనునది. జాబు చూచినప్పుడు నాకు కొంత జంకు కలిగిన మాట నిజము. కుందూ నీటిని గురించియో, శనగల ధరను గురించియో మాట్లాడుమనిన బాగుండెడిదేమో యనుకొంటిని. నేడు ఇచ్చటికి వచ్చుచుండగా బస్సులో నా ప్రక్కన కూర్చున్న పెద్దాయన "యాడికి సామీ?" యని యడిగి, విషయము విని నవ్వినాడు. "అది కాశ్మీరం కత గదా! మనకెందుకు సామీ?" అన్నాడు.

ఆయన ప్రశ్నకు బస్సులో నేను జవాబు చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పెదను.

నంద్యాలనుండి ఆళ్లగడ్డ దారి పట్టినవారికి ఎడమచేతివైపున నల్లమల, కుడిచేతివైపున కుందూ మైదానము. ఆ వైపున నున్నదే కోయిలకుంట్ల. అక్కడి సబుజైలులో 1977వ సంవత్సరమున ఒక రాత్రి జరిగిన సంగతి 23 సంవత్సరములు కోర్టులలో నలిగి, చివరకు ఢిల్లీలోని సుప్రీంకోర్టువరకు పోయినది. అక్కడ వెలువడిన తీర్పును నేడు దేశమంతట లా కాలేజీలలో విద్యార్థులు చదువుచున్నారు. కోయిలకుంట్ల పేరు ఎన్నడును వినని పిల్లలు సయితము ఆ కేసు పేరు చెప్పగలరు. మన తాలూకాలలో మాత్రము దానిని తెలిసినవారు తక్కువ. అందుచేత మొదట ఆ కథనే చెప్పెదను.

1977 మార్చి 21వ తేదీన ఎమర్జెన్సీ తొలగినది. ఆ నెలలోనే జరిగిన లోక్‌సభ యెన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానములలో 41 కాంగ్రెసునకు దక్కగా, మిగిలిన ఆ ఒక్క స్థానము మన నంద్యాల. నీలం సంజీవరెడ్డిగారు ఇచ్చటినుండి జనతా పక్షమున గెలిచిరి. ఆ మాట పెద్దలందరకు జ్ఞాపకమే. అప్పటికి దేశములో ఇరువది నెలల పైచిలుకు కాలము జనులు నోరు మూసికొని యుండి, అప్పుడప్పుడే ఊపిరి తీసికొనుచున్నారు.

ఆ తరువాత నెలన్నరకే ఈ సంగతి జరిగినది. అవుకు పోలీసు స్టేషనులో నమోదైన ఒక కేసులో చల్లా చిన్నప్పరెడ్డిగారిని, ఆయన కుమారుడు రామకృష్ణారెడ్డిగారిని ఏప్రిలు 25వ తేదీన అరెస్టు చేసిరి. మేజిస్ట్రేటు రిమాండు విధించగా కోయిలకుంట్ల సబుజైలులో 7వ నంబరు గదిలో ఉంచిరి. మే 5వ తేదీ రాత్రి గడచి 6వ తేదీ తెల్లవారుజామున, మూడున్నర గంటలవేళ, కొందరు జైలు ఆవరణలో ప్రవేశించి ఆ గదిలోనికి బాంబులు విసరిరి. తండ్రికి తీవ్రమైన గాయములు తగిలి కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో ప్రాణము విడిచెను. కుమారుడు గాయములతో బయటపడెను.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. వీధిలో బాంబు పడినచో మనిషి పరుగెత్తగలడు, గోడ చాటునకు పోగలడు, తలుపు మూసికొనగలడు. జైలుగదిలో నున్నవాడు ఎచ్చటికి పోగలడు? తాళము వేసినది ప్రభుత్వము. తాళపుచెవి ప్రభుత్వము చేతిలో నున్నది. తనకు ప్రాణభయమున్నదని మనిషి ముందే మొరపెట్టుకొన్నను, కావలి చాలినంతగ లేకపోయినచో, ఆ మరణమునకు బాధ్యు లెవరు? విసరిన చేయి ఒకటి. కావలి కాయవలసిన చేయి మరియొకటి. మొదటిదానిని శిక్షించుటకు క్రిమినలు చట్టమున్నది. రెండవదానిని అడుగుటకు ఏమున్నది?

ఆ కుటుంబమువారు అడిగిరి. ప్రభుత్వముపైన పది లక్షల రూపాయల నష్టపరిహారమునకు దావా వేసిరి. మొదటి కోర్టు దావాకు కాలదోషము పట్టినదని కొట్టివేసెను. ప్రభుత్వము చెప్పుకొన్న ముఖ్యమైన సమాధానము వేరొకటి యున్నది. జైళ్లు నడుపుట, నేరస్థులను నిర్బంధించుట రాజ్యాధికారపు పని. అట్టి పనిలో నౌకర్లు అజాగ్రత్త చేసినను రాజ్యము నష్టపరిహార మియ్యనక్కర లేదు – ఇదియే ఆ వాదము. దీనికి మూలము ఆంగ్లేయుల పాత సూత్రము: రాజు తప్పు చేయడు. కంపెనీ దొరలు పోయినను, రాణిగారి పాలన పోయినను, ఆ సూత్రము మాత్రము మన సచివాలయపు బీరువాలలో భద్రముగ మిగిలిపోయినది.

ఈ వాదమునకు సుప్రీంకోర్టు బలమే యుండెను. 1947లో మీరట్‌లో ఒక వ్యాపారి రాత్రివేళ బంగారము, వెండి తీసికొని దిగగా, పోలీసులు అనుమానముతో పట్టుకొని సరుకు స్టేషను మాల్ఖానాలో పెట్టిరి. తరువాత వ్యాపారిని విడిచిరి. బంగారమేది? దానికి బాధ్యుడైన హెడ్‌కానిస్టేబులు బంగారముతో పాకిస్థానునకు పారిపోయినాడు! కస్తూరీలాల్ కేసు అని దీనికి పేరు. 1964లో సుప్రీంకోర్టు, పోలీసుల అజాగ్రత్త నిజమే గాని, అది రాజ్యాధికారపు పనిలో జరిగినది కనుక ప్రభుత్వము బంగారపు వెల చెల్లించనక్కర లేదని చెప్పెను. ఊరిలో కుదువకొట్టు పెట్టిన సేటు ఈ మాట అనినచో మనము ఊరకుందుమా?

కోయిలకుంట్ల కేసు హైకోర్టునకు వచ్చినప్పుడు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు ఆ గోడను పగులగొట్టిరి. 1989లో అచ్చయిన ఆ తీర్పులోని సారము ఇది: ప్రాణమును రక్షించు 21వ అధికరణము రాజ్యాంగములోనిది. రాజు తప్పు చేయడనునది రాజ్యాంగమునకు ముందుది. ముందుది తరువాతిదానిని మ్రింగజాలదు. మనిషి జైలుకు పోయినంత మాత్రమున ఆ అధికరణమును ద్వారము వద్ద చెప్పులవలె విడిచి పోవలసిన పనిలేదు. 1,44,000 రూపాయలు వడ్డీతో చెల్లింపుమని హైకోర్టు ఆజ్ఞాపించెను. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. 2000 ఏప్రిలులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయము చేసెను. మన గ్రంథాలయము పుట్టిన సంవత్సరమే అది.

లక్షా నలుబది నాలుగు వేలు పెద్ద మొత్తము కాదు. ఇరువదిమూడేండ్ల వకీలు ఖర్చులకైనను చాలునో చాలదో. కాని ఆ తీర్పు తరువాత, కస్టడీలో నున్న మనిషి ప్రాణమునకు నేను పూచీ కాను అని యే రాష్ట్రప్రభుత్వమును కోర్టులో నిలిచి చెప్పుటకు వీలులేకుండెను.

ఇక ఆ జడ్జిగారిని గురించి ఒక మాట. నేను ఈ ప్రసంగమునకు సిద్ధపడుచు పాత కాగితములు తిరుగవేయగా నాకు ఆశ్చర్యము కలిగించిన సంగతి యిది. 2000 సంవత్సరము నాటికి జీవన్ రెడ్డిగారు సుప్రీంకోర్టునుండి విశ్రమించి లా కమిషనునకు అధ్యక్షులుగా నుండిరి. ఆ ఏప్రిలు నెలలోనే ఆ కమిషను తన 173వ నివేదికను ప్రభుత్వమునకు సమర్పించినది. ఆ నివేదికలో ఏమున్నది? ఉగ్రవాదమును అణచుటకు దేశమునకు ప్రత్యేకమైన చట్టము కావలెనని! అనగా, ఖైదీ ప్రాణమునకు ప్రభుత్వమును బాధ్యురాలిని చేసిన న్యాయమూర్తియే, ఉగ్రవాదిపైన కఠిన చట్టమును కోరినాడు. ఆయన మరల 2005లో, ఈశాన్య రాష్ట్రములలో సైన్యమునకు ప్రత్యేకాధికారము లిచ్చు చట్టమును రద్దుచేయవలెనని సిఫారసు చేసిన సంఘమునకును అధ్యక్షుడు.

కొందరు దీనిని చపలత్వమందురు. నేనట్లు అనుకొనను. కావలి లేని యిల్లు దొంగలపాలు. కట్టడి లేని కావలివాడు తానే యింటికి యజమాని యగును. ఒకే మనిషి ఈ రెండింటిని కోరుటలో వైరుధ్యము లేదు. "రక్షణ కావలెనా, స్వేచ్ఛ కావలెనా?" యని తక్కెడ పట్టుకొని అడుగు పెద్దమనుష్యులు అనేకులున్నారు. ఒక తట్ట పైకి లేచిన రెండవది దిగునందురు. కోయిలకుంట్లలో ఏమైనది? ఆ రాత్రి స్వేచ్ఛ యెక్కువై రక్షణ తగ్గినదా? లేదు. స్వేచ్ఛ లేదు, ఏలయనగా మనిషి తాళములో నున్నాడు, రక్షణయు లేదు. రెండు తట్టలును ఒకేసారి దిగిపోయినవి. నా అనుభవములో అట్లు జరుగుటయే యెక్కువ.

నా అనుభవమనగా – నేను జూనియరుగా నున్న కాలపు ముచ్చట యొకటి చెప్పెదను. ఊరు, స్టేషను పేర్లు చెప్పను. ఒక పల్లెలో గడ్డివామిలో బక్కెట్టెడు నాటుబాంబులు దొరికినవి. వామి యజమాని ఊరు విడిచి పోయినాడు. అతని యింట జీతమునకున్న కుర్రవానిని పోలీసులు తీసికొనిపోయిరి. కుర్రవాని తల్లి మూడవనాడు నా వద్దకు వచ్చినది. "మావోడు లోపలే ఉన్నాడు సామీ, లేడంటాండారు" అన్నది. నేను వెళ్లి యడిగితిని. ఆ పేరుగలవాడెవడును తమవద్ద లేడని చెప్పిరి. రిజిస్టరు కూడ చూపిరి. అందులో ఆ పేరు లేదు. నేను తిరిగివచ్చి ఆమెతో, "అమ్మా, లేడనుచున్నారు, ఏమి ఆధారముతో మేజిస్ట్రేటుగారిని అడుగుదుము?" అంటిని. ఆమె తన చేతిలోని క్యారియరు నా ముందు పెట్టినది. "రోజూ సంగటి తెస్తాండా. లోపలికి తీస్కపోతారు. ఖాళీ గిన్నె బయటికొస్తాంది. మావోడు లేకపోతే ఎవురు తింటాండారు సామీ?"

లాయరు పరీక్షలో నేను సాక్ష్యచట్టమునకు మంచి మార్కులే తెచ్చుకొంటిని. ఐనను అంతటి వాదము నాకు తట్టలేదు. ఆ సాయంకాలమే పిటిషను వేసితిమి; మేజిస్ట్రేటుగారు క్యారియరు కథ అంతయు ఓపికతో విని, కుర్రవానిని హాజరు పరుపుమనిరి. మరునాడు ఉదయము వానిని హాజరు పరచిరి – "నిన్న సాయంత్రము బస్టాండువద్ద అరెస్టు చేసితిమి" అను కాగితముతో! కేసు కొన్ని యేండ్లు నడచి కొట్టివేయబడెను. ఆ బక్కెట్టు దాచినవారెవరో నేటికిని తేలలేదు.

ఈ చివరి వాక్యమును మీరు గట్టిగా పట్టుకొనవలెనని నా కోరిక. ఆ కుర్రవానికి జరిగిన అన్యాయము ఒక సంగతి. దానిని గురించి పౌరహక్కులవారు మాట్లాడుదురు. నేను పల్లెవాని ప్రక్కన నిలిచి మాట్లాడుచున్నాను: బాంబులు దాచినవాడు తప్పించుకొన్నాడు. అతడు తప్పించుకొనుటకు సహాయము చేసినది పౌరహక్కులు కావు. రిజిస్టరులో వ్రాయని ఆ నాలుగు దినములే. అరెస్టు తేదీ అబద్ధమైనప్పుడు, ఆ కేసులో దొరికిన నిజమును కూడ కోర్టు నమ్మజాలదు.

ఇదే సంగతి పెద్ద యెత్తున హైదరాబాదులో జరిగినది. 2007 మే 18వ తేదీ శుక్రవారపు ప్రార్థన సమయమున మక్కా మసీదులో బాంబు ప్రేలి తొమ్మండుగురు మరణించిరి. తరువాత పోలీసు కాల్పులలో మరి యైదుగురు. ఆ ఆగస్టు 25వ తేదీ సాయంకాలము లుంబినీ పార్కులోను, కోఠిలోని గోకుల్ చాట్ అంగడివద్దను బాంబులు ప్రేలి నలుబది మందికి పైగా చనిపోయిరి. సరదాకు తినుబండారము కొనుక్కొన్న పిల్లలు, చదువుకొను విద్యార్థులు! ఉగ్రవాదికి శత్రువు ఎవడు? ఎవడైనను సరే, చచ్చినవాడెవడో అతనికి తెలియనే తెలియదు. మన ఫ్యాక్షను బాంబులో క్రూరత్వమున్నది, కాని దానికి ఒక పేరు, ఒక పగ యుండును. ఇది పేరు లేని చావు. దీనిని చేసినవారిపై నాకు రవ్వంతయు జాలి లేదు.

ఆ కోపములోనే పోలీసులు పాతబస్తీ కుర్రవాండ్రను పెక్కుమందిని పట్టుకొనిరి. హింసించిరని ఆరోపణలు వచ్చినవి. తరువాత కోర్టు వారిని నిర్దోషులని విడిచెను. ప్రభుత్వము కొందరికి నష్టపరిహారము, మంచినడత సర్టిఫికెట్లు ఇచ్చెను. ఆ పరిహారపు ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేయుట వేరొక విచారము. మక్కా మసీదు కేసు సి.బి.ఐ. చేతికి, అటుపిమ్మట జాతీయ దర్యాప్తు సంస్థ చేతికి పోయి పూర్తిగా వేరొక దారి పట్టినది. వేరొకరిపైన అభియోగములు మోపిరి. 2018 ఏప్రిలులో ఆ విచారణ యెదుర్కొన్న అయిదుగురును సాక్ష్యము చాలక విడుదలైరి. పదునొకొండేండ్లు గడచినవి, చచ్చినవారి యింటివారికి, బాంబు పెట్టినదెవరని అడిగినచో చెప్పుటకు ఒక పేరైనను లేదు.

దీనికి ఎదురుగా మరి రెండు కేసులు చూడుడు. గోకుల్ చాట్, లుంబినీ కేసులో 2018 సెప్టెంబరులో కోర్టు కొందరిని నేరస్థులుగా నిర్ణయించి యిరువురికి మరణశిక్ష, ఒకనికి యావజ్జీవము విధించినది. ఇరువురను విడిచినది కూడ. 2013 ఫిబ్రవరి 21వ తేదీన దిల్‌సుఖ్‌నగరులో జరిగిన ప్రేలుళ్ల కేసులో 2016 డిసెంబరులో అయిదుగురికి శిక్ష పడెను. 2025 ఏప్రిలులో హైకోర్టు దానిని ధ్రువపరచెను. సాక్షులను పిలిచి, ముద్దాయికి వకీలునిచ్చి, అడ్డుప్రశ్నలు వేయనిచ్చి, నడిపిన కేసులివి. న్యాయవిచారణ ఉగ్రవాదికి వరమనువారు ఈ తీర్పులను చదువవలెను. మరణశిక్ష ఉండవలెనా వద్దా యన్నది పెద్ద చర్చ. ఈ సభకు అది మించినది.

ఇక ప్రత్యేక చట్టముల సంగతి. ఇందులో కూడ మన నంద్యాలకు భాగమున్నది.

1976 ఏప్రిలులో, ఎమర్జెన్సీ నడుచుచుండగా, సుప్రీంకోర్టు ఒక భయంకరమైన తీర్పు చెప్పినది. నిర్బంధింపబడినవాడు తన నిర్బంధము న్యాయమా కాదా యని ఆ కాలములో హైకోర్టును అడుగుటకు వీలులేదని నలుగురు జడ్జీలనిరి. ఖన్నాగా రొక్కరే కాదనిరి. దాని పిమ్మట వచ్చిన 44వ రాజ్యాంగ సవరణ, ఎమర్జెన్సీలో సయితము 21వ అధికరణమును నిలిపివేయుటకు వీలులేకుండ చేసినది. 1979 ఏప్రిలులో దానికి సమ్మతి ముద్ర వేసిన రాష్ట్రపతి ఎవరు? మన నంద్యాల గెలిపించి పంపిన సంజీవరెడ్డిగారు. ఆ 1976 తీర్పును సుప్రీంకోర్టు 2017లో తానే స్పష్టముగ రద్దుచేసికొన్నది.

తరువాత టాడా వచ్చినది. 1985లో పంజాబు మంటలలో పుట్టి, 1987లో మరింత గట్టిపడి, దేశమంతట ప్రాకినది. పోలీసు అధికారి యెదుట చేసిన ఒప్పుదల కూడ సాక్ష్యముగ చెల్లునని ఆ చట్టము చెప్పినది. మామూలు చట్టములో అట్టి ఒప్పుదలకు విలువ లేదు. ఎందుకు లేదో లాఠీ రుచి తెలిసినవారికి చెప్పనక్కర లేదు. 1994లో సుప్రీంకోర్టు ఆ చట్టము చెల్లుననుచునే, ప్రతి హత్యయు, ప్రతి కొట్లాటయు ఉగ్రవాదము కాదని, మామూలు చట్టమునకు లొంగని భయోత్పాతమునకే దానిని వాడవలెనని హెచ్చరించెను. 76 వేలమందికి పైగా పట్టుబడిరి. శిక్ష పడినవారు బహు స్వల్పము. 1995 మేలో దానిని పొడిగింపక విడిచిపెట్టిరి. ప్రధానమంత్రిగా నున్నవారు పి.వి. నరసింహారావుగారు, 1991 ఉపయెన్నికలో అయిదు లక్షలు దాటిన మెజారిటీతో ఆయనను పంపినది మన నియోజకవర్గమే. టాడాను ఆయన ప్రభుత్వమే కొన్నేండ్లు వాడినది కూడ. పొగిడినప్పుడు రెండును చెప్పవలెను.

2002లో పోటా చట్టము వచ్చినది, 2004లో పోయినది. పోయినదనగా పేరు పోయినది. దాని గట్టి భాగములు పెక్కు 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నివారణ చట్టములోనికి చేరినవి. బొంబాయిలో 2008 నవంబరు 26వ తేదీ ఘోరము తరువాత అది మరింత బిగిసినది. ఛార్జిషీటు వేయుటకు 180 దినములవరకు గడువు. ఆరోపణ మొగముమీద నిజమనిపించినచో బెయిలు లేదు. నేరము నిరూపింపబడుటకు ముందే మనిషి సంవత్సరములు లోపల నుండును. విచారణ సాగకుండ ఏండ్లు గడచినచో, ఆ నియమ మున్నను బెయిలు ఇయ్యవచ్చునని 2021లో సుప్రీంకోర్టు చెప్పినది. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఉగ్రవాదము మామూలు శిక్షాస్మృతిలోనే ఒక నేరముగ చేరినది. 1994లో జడ్జీలు జాగ్రత్తగ గీసిన ఆ గీత – ఏది ఉగ్రవాదము, ఏది మామూలు నేరము – ఇక తాలూకా పోలీసు స్టేషను బల్లమీదనే గీయవలసి వచ్చునేమో యని నా భయము.

పోలీసుల పక్షమున ఒక మాట చెప్పకపోయినచో నాకు తృప్తి లేదు. కడప ఎస్.పి.గా ఫ్యాక్షనిస్టుల గుండెలలో నిదురించిన ఉమేశ్ చంద్రగారిని 1999 సెప్టెంబరు 4వ తేదీన హైదరాబాదు నడిబజారున నక్సలైట్లు కాల్చి చంపిరి. గ్రేహౌండ్సును నెలకొల్పిన వ్యాస్‌గారిని 1993లో ఆటస్థలములో వ్యాయామము చేసికొనుచుండగా చంపిరి. నల్లమలలో మందుపాతరల దారిలో జీపు ఎక్కిన కానిస్టేబులుకు ఇంటివద్ద పిల్లలుండిరి. వారి ప్రాణము ప్రాణము కాదా? 21వ అధికరణము వారికి లేదా? ఉన్నది. ఐతే, ఆ ప్రాణముల పేరు చెప్పి, రిజిస్టరు వ్రాయకుండుటకు అనుమతి అడుగువారున్నారు. ఉమేశ్ చంద్రగారి పేరు అందులకు వాడుకొనుట ఆయనకు గౌరవము కాదు.

భయపెట్టి పాలించుట మన సీమకు కొత్త కాదు. 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడిచేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారిని కంపెనీవారు 1847 ఫిబ్రవరిలో అదే కోయిలకుంట్లలో ఉరితీసి, తలను 1877వరకు కోటపై వ్రేలాడదీసిరి. ముప్పది సంవత్సరములు! చచ్చినవానికి అది శిక్ష కాదు, చూచి పోవువారికి. జనులను భయపెట్టి లొంగదీయుటయే ఉగ్రవాదమునకు అర్థమైనచో, ఆ కోటగోడపై తల వ్రేలాడదీసినవారిని ఏమనవలెను? నాడు తిరుగుబాటుదారు, దోపిడీదారు అనిపించుకొన్నవానిని నేడు వీరుడని కొనియాడుచున్నారు. ఐతే, దీనినిబట్టి నేడు బాంబు పట్టినవాడెల్ల రేపటి వీరుడని ఎవరైన వాదింతురేమో, నేను ఒప్పుకొనను. ఓటు లేని కాలము వేరు, ఓటున్న కాలము వేరు. ఆ ఓటుతోనే నంద్యాల 1977లో రాష్ట్రమంతకును ఎదురీదినది గదా!

ఇంతసేపు ఢిల్లీ, హైదరాబాదు మాటలైనవి. ఈ సభలో నున్నవారికి రేపు పనికివచ్చునది కొంత చెప్పవలెను. మీ యింటి పిల్లవానిని ఎవరైన పోలీసులు తీసికొనిపోయినచో, ప్రయాణకాలము గాక 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు పెట్టవలెను; ఇది రాజ్యాంగములో 22వ అధికరణము. ఎందుకు అరెస్టు చేసితిమో ఆ కారణములను కాగితముపైన వ్రాసి యియ్యవలెను. ఉగ్రవాద చట్టము క్రింద పట్టుకొన్నను సరే, ఈ నియమము తప్పదని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పినది. ఇంటివారికి కబురు పంపవలెను. వకీలును పెట్టుకొను శక్తి లేనివారికి కోర్టు ఆవరణలోనే న్యాయసేవల సంఘమున్నది; అక్కడ రుసుము లేదు. ఇక 1986 నాటి రాష్ట్ర చట్టము క్రింద, గూండా యను ముద్రతో, విచారణ లేకుండ పన్నెండు నెలలు నిర్బంధించు అధికారమొకటి యున్నది. తెలంగాణములో దానిని ఆలోచన లేకుండ వాడుచున్నారని 2022లోను, 2023లోను సుప్రీంకోర్టు గట్టిగా మందలించినది. అట్టి ఉత్తర్వు వచ్చినచో బెదరి కూర్చుండక, సలహా మండలికి వెంటనే విన్నపము పంపవలెను. ఆలస్యము చేసిన ప్రతి దినమును మనిషి లోపలనే యుండును.

గ్రంథాలయములో మాట్లాడుచు పుస్తకముల సంగతి యెత్తకుండుట బాగుండదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి నవలను దొరల ప్రభుత్వము నిషేధించినది; నేడు అది ప్రతి గ్రంథాలయములోను ఉండదగిన పుస్తకము. అది పాత మాట. 2005 ఆగస్టు 15వ తేదీన నారాయణపేటలో శాసనసభ్యులు నర్సిరెడ్డిగారిని, మరి కొందరిని మావోయిస్టులు కాల్చి చంపిరి. ప్రభుత్వము ఆ పార్టీని నిషేధించుచు, దానితోపాటు విప్లవ రచయితల సంఘమును కూడ నిషేధించెను. చంపినవారిని నిషేధించుట నాకు అర్థమైనది. కవులను, కథకులను అదే త్రాటితో కట్టుట అర్థము కాలేదు. సలహా మండలికిని అర్థమైనట్లు లేదు. ఆ యేడాదిలోనే రచయితల సంఘముపై నిషేధము తొలగినది. విప్లవ సాహిత్యము నాకు రుచించదు. ఆ రచయితలు మాటి మాటికి కత్తి నూరుదురని నా ఫిర్యాదు. రుచించకపోవుట వేరు, పుస్తకము దొరికినదని మనిషిని జైలుకు పంపుట వేరు. ఒక సంస్థ పుస్తకములు, కరపత్రములు ఇంటిలో దొరికినంత మాత్రమున ఉగ్రవాద సంస్థకు తోడ్పడినట్లు కాదని, ఆ ఉద్దేశమును వేరుగ చూపవలెనని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు కేరళ విద్యార్థుల కేసులో తేల్చినది. పుస్తకము ఇచ్చుటకు సంకోచించు లైబ్రేరియన్లకు ఈ ముక్క ఊరట నిచ్చునని చెప్పుచున్నాను.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. నేను తెచ్చినది ఒకటి యున్నది, అది యిచ్చి కూర్చొందును. కోయిలకుంట్ల కేసులో సుప్రీంకోర్టు తీర్పును నా శక్తికొలది తెలుగులోనికి మార్చి, చేతివ్రాతతో వ్రాసి, అట్టవేయించి తెచ్చితిని. ముప్పది పుటలు కూడ లేవు. దీనిని బీరువాలో పెట్టి తాళము వేయవద్దని లైబ్రేరియను గారికి నా మనవి. దినపత్రికలు పరచు బల్లమీద, ఒక మూలకు, దారముతో కట్టి ఉంచుడు. బస్సులో నన్ను ప్రశ్నించిన పెద్దాయనది ఈ పక్క ఊరేనట. పత్రిక చదువుకొనుటకు అప్పుడప్పుడు ఇచ్చటికి వచ్చునట. ఆయన వచ్చినప్పుడు, "నీవడిగినదానికి జవాబు ఇదిగో" అని ఆ ఏడవ నంబరు గది కథ యున్న పుట తీసి చూపుడు.